అగ్నిపర్వతం వాళ్ళు రాజోలు వచ్చినప్పుడు

ఇది నిప్పుల నది ఒడ్డున నిలబడి, కాలిన రాళ్ళు నెత్తిమీద వానలా పడుతున్నా అడుగు వెనక్కి వెయ్యకుండా, భూమాత కడుపులోని రహస్యాలను కెమెరాలో బంధించిన కొందరు ధీరుల మహాగాథ.

ఇలా మొదలుపెడితే బాగుంటుందని మా పెన్షనర్ల సంఘం కార్యదర్శి గారన్నారు. ఆయన మాట కాదనలేక మొదలుపెట్టాను. ఇక నిజం చెబుతాను. నేను ఇరవై ఏళ్ళు చేసిన ఉద్యోగంలో ముప్పాతిక భాగం లెన్సు తుడవడం. మిగతా పాతిక భాగం, తుడిచిన లెన్సు మళ్ళీ ఎందుకు మసకబారిందా అని ఆలోచించడం. రాళ్ళు నా నెత్తిమీద ఎప్పుడూ పడలేదు. ఒకసారి కొబ్బరికాయ పడబోయింది. అదీ కొత్తపేటలో, మా పెరట్లో, సెలవు మీద ఉండగా.

నలభై మూడేళ్ళకే రిటైరయ్యాను. కారణం వీరోచితమైంది కాదు, నడుం. కెమెరా, బ్యాటరీలు, స్టాండు కలిపి ఇరవై ఏళ్ళు ఒకే భుజానికి వేసుకుంటే వెన్నుపూస తన అభిప్రాయం తాను చెబుతుంది. అందుచేత అమలాపురంలో మా సంఘానికి వెళ్ళినప్పుడల్లా అందరికన్నా చిన్నవాణ్ణి నేనే. టీలు నన్నే తెమ్మంటారు.

ఆమధ్య ఇద్దరు కాలేజీ పిల్లలు ఇంటికొచ్చి, "అంకుల్, మేం కూడా అగ్నిపర్వతాలు చదువుదామనుకుంటున్నామండి, ఆ ఉద్యోగం ఎలా ఉంటుందండి" అని అడిగారు. అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో నాకు అందులో ఉన్నప్పుడూ సరిగ్గా అర్థం కాలేదు. వాళ్ళకోసమే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను, చెప్పుకోదగ్గవి రాలేదు.

హోమం అనుభవం

తొంభైల మొదట్లో నేను కొత్తపేటలో పెళ్ళిళ్ళకి వీడియోలు తీసేవాణ్ణి. భూమి లోపలి సంగతులు చూసే ఒక సర్కారు ఆఫీసులో కెమెరామన్ కావాలని ప్రకటన పడితే దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూలో కామేశం గారు ఉన్నారు. ఆయన రామచంద్రపురం మనిషి. డాక్టరు కామేశం అనేవారు గానీ మందులిచ్చే డాక్టరు కాదు, రాళ్ళ డాక్టరు. తర్వాత ఇరవై ఏళ్ళూ నా పై అధికారి ఆయనే.

"నిప్పు దగ్గర తీసిన అనుభవం ఉందా?" అని అడిగారు.

"హోమాలు తీశానండి," అన్నాను.

ఆయన నవ్వలేదు. కాగితం మీద రాసుకున్నారు. నాకు ఉద్యోగం వచ్చింది. ఆ రెండింటికీ సంబంధం ఉందో లేదో ఇప్పటికీ తెలీదు.

అగ్నిపర్వతాల విభాగంలో కాగితం మీద నలుగురం. ఒకరు ఎప్పుడూ వేరే ఆఫీసులో డెప్యుటేషన్ మీద ఉండేవారు. ఇంకొకరికి సముద్రం పడదు. అంచేత బయటికెళ్ళేది కామేశం గారూ, నేనూ. మన దేశానికి పొగ కక్కే కొండ ఉన్నది ఒక్కటే. అది అండమాన్ అవతల, మనుషులెవరూ లేని దీవి మీద ఉంది. అదికూడా తనకి బుద్ధి పుట్టినప్పుడే కక్కుతుంది. మిగతా రోజుల్లో మేం ఏం చేసేవాళ్ళమని అడక్కండి. అదే పనిలో ఉండేవాళ్ళం.

నిప్పుకి పట్టిన మంచు

తొంభైల మధ్యలో ఆ కొండ లేచింది. ఓడలో వెళ్ళాం. రెండ్రోజులపాటు పొగ తప్ప ఏమీ లేదు. ఉప్పుగాలికి కెమెరా పాడైపోతుందని నేను దాన్ని తీసుకెళ్ళి ఓడలో ఉన్న ఒకే ఒక్క ఏసీ గదిలో, మెత్తటి తువాలు చుట్టి పడుకోబెట్టాను. ఆ తువాలు ఆలోచనకి నన్ను నేనే మెచ్చుకున్నాను.

మూడోరోజు పొద్దున్న కొండ నోరు తెరిచింది. ఎర్రగా, చెట్టంత ఎత్తున, చిమ్ముతూనే ఉంది. గదిలోకి పరిగెత్తి, కెమెరా భుజానికెత్తుకుని, బయటికొచ్చి, ముప్పై అయిదు నిమిషాలు కదలకుండా తీశాను. చూసే గొట్టంలో అంతా తెల్లగా కనబడింది. కొండ పొగ అనుకున్నాను. కాదు. చల్లటి గదిలోంచి ఒక్కసారిగా సముద్రపు ఉక్కలోకి తెచ్చిన అద్దానికి చెమట పట్టింది. ఐస్‌వాటర్ గ్లాసుకి బయట పట్టినట్టే. జీవితంలో మొదటిసారి చూసిన నిప్పుల కొండని నేను మజ్జిగలా తీశాను.

కామేశం గారు ఆ ముప్పై అయిదు నిమిషాలూ కూర్చుని మొత్తం చూశారు. మధ్యలో లేవలేదు. అయ్యాక, "ఇది ఏ దిక్కు నుంచి తీశావు?" అని అడిగారు. ఉత్తరం నుంచి అన్నాను. సరేనన్నారు. రిపోర్టులో నా పేరు రాయకుండా 'వాతావరణం అనుకూలించలేదు' అని రాశారు. ఇందుకు ఆయన్ని నేను చచ్చేదాకా మర్చిపోను.

పిల్లలూ, ఇది రాసుకోండి. కెమెరా ఎక్కడ పనిచేస్తుందో అక్కడే పడుకోవాలి. చల్లటి చోటునుంచి తెస్తే అరగంట ఆగాలి. ఆ రోజుల్లో మా కొత్తపేట కల్యాణ మండపాల్లో ఏసీ ఉండి ఉంటే ఈ సంగతి నాకు ముందే తెలిసేది, దేశానికి ఒక మంచి ఫిల్ము మిగిలేది.

ఆ ఓడ మీదే ఇంకో అలవాటు పట్టుకుంది. ఇంజను రొదా, గాలి రొదా కలిసి టేపు నిండా చెవులు పగిలే శబ్దం వచ్చేది. కామేశం గారు విసుక్కుని, "కొండకి మాటలు రావు కదయ్యా, ఆ మైకు ఆపెయ్" అన్నారు. బయటి మైకు తగిలించే రంధ్రంలో వైరులేని ఉత్త పిన్ను ఒకటి గుచ్చితే, కెమెరా తన మైకు తానే ఆపేసుకుంటుంది, శబ్దం ఎక్కదు. అప్పట్నుంచి ఏం తీసినా ఆ పిన్ను గుచ్చే తీసేవాళ్ళం. మూగ సినిమాలన్నమాట. చూసేవాళ్ళకి ప్రశాంతంగా ఉండేది.

పరిశీలనలో ఉంది

కామేశం గారి గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆయనంత రాయి తెలిసిన మనిషిని నేను చూడలేదు. చిన్న పెంకు చేతికిస్తే అది ఎంత వేడిలోంచి వచ్చిందో చెప్పేవారు. ప్రాణభయం లేదు. తిండి ధ్యాస లేదు. కింద పనిచేసేవాళ్ళ తప్పు నెత్తినేసుకునేవారు.

ఒకటే లోపం. 'తెలీదు' అనే మాట ఆయన నోట రాదు. తెలియనిది ఎదురైతే "పరిశీలనలో ఉంది" అనేవారు. కొండ మళ్ళీ ఎప్పుడు లేస్తుందండీ అంటే పరిశీలనలో ఉంది. ఓడ ఎప్పుడు బయల్దేరుతుందండీ అన్నా పరిశీలనలో ఉంది. ఒకసారి ఇంట్లో టీలో పంచదార సరిపోయిందా అని వాళ్ళావిడ అడిగినప్పుడు కూడా అదే అన్నారు. ఆవిడ గ్లాసు తీసుకెళ్ళిపోయారు.

ఆఫీసులో ఈ మాటవల్ల ఎవరికీ నష్టం లేదు. ఆఫీసులంటేనే పరిశీలన. కానీ రాజోలు దగ్గర ఈ ఒక్క మాట ఒక ఇంటివాళ్ళని రోడ్డుమీదికి తెచ్చింది.

రత్నకుమారి టీచరు గారి బోరు

రెండువేల సంవత్సరం దాటేక సంగతి ఇది. ఎండాకాలం. రాజోలుకి అయిదారు మైళ్ళలో ఒక ఊళ్ళో రత్నకుమారి గారని స్కూలు టీచరు, ఆవిడ భర్త ప్రభుదాసు గారు ఉండేవారు. ఆయన పోస్టాఫీసులో చేసి రిటైరయ్యేరు. పదేళ్ళపాటు కొంచెం కొంచెంగా కట్టుకున్న ఇల్లు అప్పటికి పూర్తయింది. గృహప్రవేశ ప్రార్థనకి కార్డులు వేయించేరు, పాస్టరు గారికి చెప్పేరు. ఉన్న అద్దె ఇల్లు ఖాళీచేసి తాళాలు ఇచ్చేశారు. ఆఖరి పనిగా పెరట్లో బోరు వేయించారు.

బోరులో నీళ్ళు రాలేదు. బురద వచ్చింది. గుడగుడమని బుడగలు కక్కుతూ, మనిషెత్తున చిమ్మింది. బోరు వేసినాయన చుట్ట వెలిగించుకుందామని అగ్గిపుల్ల గీస్తే, గొట్టం మూతి మీద జానెడు నీలం మంట లేచి ఆరిపోయింది. ఆయన సామాను వదిలేసి వెళ్ళిపోయాడు. చుట్ట కూడా మానేశాడని విన్నాను.

గ్యాసు అన్న మాటకి మా కోనసీమలో ఎవరూ ఊరికే నవ్వరు. పొలాల కింద గొట్టాలున్న చోటు ఇది. ముందు గ్యాసు వాళ్ళొచ్చి చూసి, ఇది మా గొట్టం కాదని చెప్పి వెళ్ళిపోయేరు. తర్వాత ఎవరో 'బురద అగ్నిపర్వతం' అన్నారు. రెవెన్యూ ఆఫీసులో ఆ మాట పట్టుకుని, అగ్నిపర్వతం వాళ్ళు ఎక్కడుంటారో వెతికి మా ఆఫీసుకి కబురు పెట్టేరు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒకళ్ళు మాకోసం వెతకడం అదే మొదలు. కామేశం గారు ఆ పూటే బయల్దేరదీశారు.

మేం వెళ్ళేసరికి పెరటినిండా జనం. ఇంటి ముందు పుంత బాటలో ఐస్ బండి కూడా ఉంది. రత్నకుమారి గారు ఎదురొచ్చి, కుర్చీలు వేయించి, మంచినీళ్ళిచ్చి, ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"సారండీ, నాకు సైన్సంతా అక్కర్లేదు. ఈ ఇంట్లో పొయ్యి వెలిగించుకోవచ్చా లేదా, అది చెప్పండి చాలు."

కామేశం గారు బోరుకేసి చూశారు. నేను ఆయనకేసి చూశాను. కరిగిన రాయి గురించి ఆయనకి తెలియందిలేదు. ఈ చల్లటి బురద సంగతి ఆయనకేం తెలీదని నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

"పరిశీలనలో ఉందమ్మా," అన్నారు.

"మా పిల్లల హోంవర్కూ అలాగే ఉంటుందండి," అన్నారావిడ, గ్లాసు తీసుకుంటూ.

అదే సాయంత్రం ఒక పేపరాయన వచ్చి, ఇది అగ్నిపర్వతమా కాదా అని అడిగాడు. కామేశం గారు మళ్ళీ ఆ మాటే అన్నారు. మర్నాడు పేపర్లో 'కోనసీమలో అగ్నిపర్వతం, శాస్త్రవేత్తల పరిశీలన' అని పడింది. ప్రశ్నార్థకం ఒకటి వేశారు గానీ అది మరీ చిన్నది.

పదింటికల్లా రెవెన్యూ వాళ్ళొచ్చి ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. అమలాపురంలో ఉన్న చుట్టాలు ప్రార్థనకి రాలేమని కబురు చేశారు. పాస్టరు గారు మంచి మనిషే, కొన్నాళ్ళు ఆగుదామమ్మా అన్నారు. అద్దె ఇంట్లో అప్పటికే వేరేవాళ్ళు దిగిపోయారు. ఎండాకాలం సెలవులు కాబట్టి టీచరు గారు హెడ్మాస్టరుని అడిగి, భర్తనీ, సామాన్నీ తీసుకుని తన స్కూల్లోనే ఒక తరగతి గదిలోకి మారారు. స్కూలు తెరిచే రోజుకి గది ఖాళీ చెయ్యాలి. అప్పటికి పరిశీలన తేలకపోతే ఎక్కడికెళ్ళాలో వాళ్ళకి తెలీదు.

నేను ఇదంతా కెమెరాలో తీస్తూనే ఉన్నాను. ఏం తీస్తున్నానో నాకు తెలీదు. బురద.

అబ్బులు గారి రాకడ

బురదకి ఒక వేళ ఉంది. పొద్దున్న ఎనిమిది దాటేక మొదలయ్యేది, మధ్యాహ్నం రెండింటికి తగ్గిపోయేది. రాత్రంతా నిద్ర. మూడు రోజులు వరసగా అలాగే జరిగేసరికి కామేశం గారి ముఖం వెలిగింది. గీతల కాగితం తీసి రాయడం మొదలుపెట్టారు. భూమి ఊపిరి తీస్తోందన్నారు. నాలుగోరోజు నుంచి బురద మధ్యాహ్నం రెండింటికి మొదలై సాయంత్రం దాకా వచ్చింది. ఊపిరి మారిందన్నారు. ఇది సముద్రపు ఆటుపోట్ల వల్ల కావచ్చని, నన్ను అంతర్వేది వెళ్ళి పోటు ఎప్పుడొస్తుందో రాసుకు రమ్మన్నారు. రెండ్రోజులుండి, దర్శనం చేసుకుని, రాసుకొచ్చాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాం. పోటుకీ బురదకీ ముఖపరిచయం కూడా లేదు.

పక్కన రొయ్యల చెరువు అబ్బులు గారిది. పెద్ద మీసం, చిన్న గొంతు. రోజూ నాలుగు బొండాలు కొట్టించి పట్టుకొచ్చి మాకు ఇచ్చేవారు. విచిత్రమేమిటంటే, ఆయన వచ్చి కూర్చున్న కాసేపటికి బురద లేచేది. "ఏంటండీ, మీ కొండ ఇంకా లెగలేదా?" అనేవారు. "ఆయ్, లెగుస్తాదిలెండి" అని ఆయనే సమాధానం చెప్పేవారు. లేచేది. ఊళ్ళో సగం మంది ఆయన చెయ్యి మంచిదన్నారు. మిగతా సగం ఆయన్ని అటు రావద్దన్నారు. నేను కామేశం గారితో, "సారండీ, గీతల కాగితం మీద అబ్బులు గారిని కూడా ఒక గీత గీద్దామా" అన్నాను. ఆయన నావైపు చూసిన చూపు ఏ పరిశీలనా లేకుండానే అర్థమైంది.

జోకు వేసినవాణ్ణి నేనే. అందులో ఉన్న నిజం నాకే కనబడలేదు. మనం నవ్వుతూ అన్నది మనమే నమ్మం, అదీ నాలాంటి తమాషా మనుషులతో చిక్కు.

రత్నకుమారి గారు మాత్రం రోజూ స్కూల్నుంచి వచ్చి ఒకే ప్రశ్న అడిగేవారు. కామేశం గారు ఒకే జవాబు చెప్పేవారు. ఆవిడ వెళ్ళిపోయేవారు. ప్రభుదాసు గారు వెనకే నడుస్తూ, మా ఇద్దరివైపూ తిరిగి, "ఏమీ అనుకోకండి, ఆవిడ కంగారు ఆవిడది" అని మాకే సర్దిచెప్పేవారు. స్కూలు తెరవడానికి ఇంక పదహారు రోజులుంది.

పోయిన పిన్ను

పెద్దాఫీసు వాళ్ళు పదిహేను నిమిషాల ముక్క ఒకటి పంపమన్నారు. టేపులన్నీ చూసి ఏరాలి. ఊళ్ళో టీవీ పెట్టుకుని ఆ పని చేసుకునే చోటు టీచరు గారి స్కూలే. మధ్యాహ్నం పూట వెళ్ళి, వాళ్ళ గదిలో ఉన్న స్కూలు టీవీకి కెమెరా వైరు తగిలించాను. కామేశం గారు చిన్నపిల్లల బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చున్నారు. రత్నకుమారి గారు ఓ మూల, మాకు వీపు పెట్టి, బెండకాయలు తరుగుతున్నారు.

మొదటి టేపు వెయ్యగానే టీవీలోంచి రొద వచ్చింది. జనం మాటలు, కాకులు, ఐస్ బండి గంట. గబుక్కున కెమెరా తిప్పి చూశాను. మైకులో గుచ్చే పిన్ను అంతర్వేది బస్సెక్కేముందో, ఇంకా ముందో, ఎక్కడో పడిపోయింది. నేను చూసుకోలేదు.

"మైకు ఆపలేదా?" అన్నారు కామేశం గారు.

"పిన్ను పోయిందండి," అంటూ శబ్దం తగ్గించడానికి లేచాను.

"ఉంచండి బాబూ," అన్నారు టీచరు గారు. ఇటు తిరగలేదు. కాసేపాగి, "ఇంకోసారి మొదట్నుంచి వెయ్యండి" అన్నారు. వేశాను. ఆవిడ కత్తిపీట పక్కకి జరిపారు.

"ఆ గుయ్యిమనే మోత అబ్బులు గారి బోరు మోటారుదండి. ముందు మోటారు. ఆ తర్వాత బురద."

రెండో టేపు వేశాం. కాకులు, ఐస్ బండి, గుయ్యిమని మోటారు, పదిహేను ఇరవై నిమిషాలకి బురద. మూడోదీ అంతే. ఆరు టేపులు చూశాం. మేం వచ్చినప్పట్నుంచీ ఆ మోత మా చెవుల్లో ఉంది. మోటారు మోత కోనసీమలో కాకి అరుపు లాంటిది, ఎవరూ ప్రత్యేకంగా వినరు. మేమిద్దరం అయితే ఓడ మీద ఏళ్ళ తరబడి వినకుండా ఉండటం నేర్చుకున్నవాళ్ళం.

"మీకెలా తెలిసిందమ్మా?" అని అడిగారు కామేశం గారు.

"పదేళ్ళు ఇల్లు కట్టించేనండి. గోడలు తడపాలంటే అబ్బులు గారి మోటారు నీళ్ళే దిక్కు. త్రీఫేజ్ కరెంటు ఓ వారం పొద్దున్న ఇస్తారు, ఓ వారం మధ్యాహ్నం ఇస్తారు. అదెప్పుడొస్తుందా, ఆ మోటారెప్పుడేస్తారా అని నా చెవి అటే ఉండేది. స్కూల్లో పాఠం చెబుతున్నా సరే."

భూమి ఊపిరి అనుకున్నది కరెంటు ఆఫీసు వాళ్ళ వంతుల పట్టిక. అబ్బులు గారి చెయ్యి మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. కరెంటు రాగానే మోటారు వేసి, నీళ్ళు పడుతున్నాయో లేదో చూసుకుని, తీరిగ్గా మా దగ్గరికి బొండాలు పట్టుకొచ్చేవారు.

కామేశం గారు గీతల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత నెమ్మదిగా, తనకి తానే చెప్పుకుంటున్నట్టు చెప్పారు. ఈ గోదారి ఒండ్రు కింద ఎప్పటివో ఆకులూ అలములూ కుళ్ళి, గ్యాసు అయి, నీళ్ళలో కలిసి అణిగి ఉండొచ్చు. పక్క బోరు నీళ్ళు లాగేసరికి ఆ ఒత్తిడి తగ్గి, సోడా మూత తీసినట్టు పొంగి ఉండొచ్చు. అన్నీ 'ఉండొచ్చు'లే. ఆయన నోట అన్ని 'ఉండొచ్చు'లు నేను ఎప్పుడూ వినలేదు.

ఏమీ జరగని ఫిల్ము

మోటారు ఆపి చూడాలి. అబ్బులు గారిని అడిగితే ఆయన మీసం సవరించుకుని, "నాకైతే పర్లేదండి. రొయ్యలకి ఎవరు చెప్తారు?" అన్నారు. మర్నాడు మాత్రం మోటారు వెయ్యలేదు. ఊరంతా వచ్చి ఒక గొట్టం చుట్టూ కూర్చుంది. ఆరు గంటలు ఏమీ జరగలేదు. నేను ఆ ఆరు గంటలూ తీశాను. నా సర్వీసులో నేను తీసిన అన్నిటికన్నా మంచి ఫిల్ము అదే. మసక లేదు, కుదుపు లేదు, విషయమూ లేదు.

తర్వాతరోజు మోటారు వేస్తే ఇరవై నిమిషాలకి బురద లేచింది. ఆ మర్నాడు ఆపితే లేవలేదు. టీచరు గారి ముఖంలో మొదటిసారి కాస్త తెరిపి కనబడింది. నాలుగోరోజు, మోటారు ఆపి ఉండగానే, గొట్టం ఓసారి గుడగుడమని చిన్నగా తేన్చింది. అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. అదెందుకొచ్చిందో మాకు అంతుపట్టలేదు. ఇన్నేళ్ళయినా నాకు తెలీదు.

రత్నకుమారి గారు వచ్చి ఎదురుగా నిలబడ్డారు. ప్రశ్న మళ్ళీ అడగలేదు. అడగక్కర్లేదు కూడా.

నేను ఆ ఎప్పటి మాటకోసమే ఎదురుచూశాను. పేపరాయన కూడా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"తెలీదమ్మా," అన్నారు కామేశం గారు. "చాలావరకు మోటారు వల్లే అనుకుంటున్నాను. మిగతాది నాకు తెలీదు. గ్యాసు ఇంట్లోకి రాకుండా పైకి ఎలా పంపాలో మాత్రం తెలుసు. పంపాక, వంటింట్లో కొలిచి చూసి అప్పుడు చెబుతాను. అందాకా వెలిగించొద్దు."

"ఈ మాట మొదటిరోజే అనుంటే సరిపోయేది కదండీ," అన్నారావిడ. కోపంగా అనలేదు. తప్పు లెక్క దిద్దేటప్పుడు టీచర్లు మాట్లాడే గొంతు అది. కామేశం గారు తలూపారు.

ఆ పక్క నుంచి ప్రభుదాసు గారు, "ఆయ్, ఇప్పుడన్నారు కదా" అన్నారు.

బోరు చుట్టూ సిమెంటు చేసి, గొట్టానికి ఇంకో గొట్టం తగిలించి పదడుగుల ఎత్తుకి లేపాం, వచ్చే గ్యాసు గాలిలో కలిసిపోయేలా. అబ్బులు గారు తన బోరు చెరువు అవతలి గట్టుకి మార్చుకున్నారు. వంటింటి తలుపులూ కిటికీలూ మూసి, గ్యాసు కొలిచే మీటరు పెట్టి, నాలుగురోజులు చూశాం. నేను ముల్లుకేసి చూస్తూ కూర్చున్నాను. ముల్లు కదల్లేదు. ముల్లే పాడైందేమోనని, పెరట్లో గొట్టం మూతి దగ్గరికి నిచ్చెన వేసి పెట్టి చూశాను. అక్కడ గిర్రున తిరిగింది. బాగానే ఉంది.

అయిదోరోజు కామేశం గారు అందరినీ పుంతలోకి పంపేసి, తనే వంటింట్లోకి వెళ్ళారు. నేను గుమ్మంలో కెమెరాతో నిలబడ్డాను. భయం వెయ్యలేదంటే అబద్ధం. ఆయన కిరసనాయిలు స్టవ్వు ముందు గొంతుక్కూర్చుని, అగ్గిపెట్టె తీసి, మీటరుకేసి ఇంకోసారి చూసి, పుల్ల గీశారు.

వెలగలేదు. అగ్గిపెట్టె ఆయన జేబులో చెమటకి తడిసిపోయింది. రెండోదీ వెలగలేదు. పుంతలో జనం ఊపిరి బిగపట్టుకుని ఉన్నారు, లోపల పుల్లలు అరుగుతున్నాయి. ఏడో పుల్లకి వెలిగింది. స్టవ్వూ వెలిగింది. ఇల్లు ఎక్కడిదక్కడే ఉంది.

టీచరు గారొచ్చి టీ పెట్టేరు. పంచదార స్కూల్లో సామానులో ఉండిపోయింది. చప్పటి టీయే తాగాం. ఎలా ఉందని ఆవిడ అడిగితే, కామేశం గారు, "పంచదార లేదమ్మా" అన్నారు. వెంటనే, స్పష్టంగా. నేను ఆశ్చర్యపోయాను.

స్కూలు తెరవడానికి ఒకరోజు ముందు వాళ్ళు గది ఖాళీచేసి సొంతింట్లోకి వెళ్ళారు. ప్రార్థనకి మమ్మల్నీ పిలిచారు. పాస్టరు గారు మా ఇద్దరి పేర్లూ చెప్పి దీవించారు. అబ్బులు గారు రొయ్యలు పంపేరు. 'అగ్నిపర్వతం కాదు' అన్న వార్త పేపర్లో పడింది. లోపలి పేజీలో, బస్సుల వేళల కింద.

పిల్లలకి

ఆ తర్వాత కూడా దీవికి వెళ్ళాం. మంచి ఫిల్ములే తీశాను, ఎర్రగా, నిగనిగలాడుతూ, శబ్దంతో సహా. అవి ఆఫీసు బీరువాలో ఉన్నాయి. చూసినవాళ్ళు ఆహా అన్నారు. వాటివల్ల ఎవరి పొయ్యీ వెలగలేదు, ఎవరి పొయ్యీ ఆగలేదు.

మీరు ఈ ఉద్యోగంలోకి రావాలనుకుంటే రండి. కొండ ముందు నిలబడ్డానికి ధైర్యం ఎలాగోలా వస్తుంది, పారిపోడానికి చోటు లేకపోతే వచ్చేస్తుంది. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఎదురుగా నిలబడి అడిగే మనిషికి తెలీదని చెప్పడానికి కామేశం గారికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఆయన నాకన్నా చాలా గొప్పవారు. మీకు ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలీదు. మైకు మాత్రం ఆపకండి.

కామేశం గారు ఇప్పుడు రామచంద్రపురంలో ఉంటున్నారు. ఏడాదికోసారి ఫోన్ చేస్తారు. దీవి సంగతి అడగరు. "గొట్టం ఎలా ఉందయ్యా?" అంటారు. నేను బండేసుకుని వెళ్ళి చూసొస్తాను. రత్నకుమారి గారు టీ ఇస్తారు, ఈమధ్య పంచదార తగ్గించారు.

గొట్టం ఇనపది. సముద్రం దగ్గర కాబట్టి తుప్పు పడుతుంది. ఏటా వానలకి ముందు ఉప్పుకాగితంతో గీకి, రెడ్ ఆక్సైడ్ రంగు రెండు పూతలు వెయ్యాలి. మొదటి పూత పూర్తిగా ఆరాకే రెండోది వెయ్యాలి, లేకపోతే పెచ్చులూడిపోతుంది.